కవర్ పెడితే జెరాక్స్ మిషన్ ఎందుకు మొరాయిస్తుంది?

ఈరోజు ఎపిసోడ్ కవర్ల గురించి. అదేనండి, పోస్టులో వేసే కవర్లు, ఎన్వలప్‌లు. ఏ4 పేపర్ కట్టలకు కట్టలు పెట్టినా కిక్కురుమనకుండా లాగేసే జెరాక్స్ మిషన్, పది కవర్లు పెడితే మాత్రం మూడోదానికే జామ్ అంటుంది. ఎందుకండీ ఇలా అని చాలామంది అడిగారు.

అడిగినవాళ్లలో ఒక తమ్ముడు ఉన్నాడు. జెరాక్స్ షాపులో పని చేస్తాడు. ఎవరో 400 కవర్లు తెచ్చి వాటి మీద అడ్రస్‌లు ప్రింట్ కొట్టమన్నారట. కొన్ని ముడతలు పడ్డాయి, కొన్ని మూతలు వాటంతట అవే అతుక్కుపోయాయి, చివరికి లోపల ఫ్యూజర్ దగ్గర ప్లాస్టిక్ కరిగి అంటుకుపోయింది. ఇప్పుడు ఓనర్ గారు "నీ చేతివాటం వల్లే పోయింది, జీతంలో కోస్తా" అంటున్నారట. "అన్నా, తప్పు నిజంగా నాదేనా?" అని రాశాడు. తమ్ముడూ, నీకు జవాబు చెప్తాను. అయితే ముందు లోపల ఏం జరిగిందో తెలియాలి కదా.

ఒక పని చేయండి. చేతిలో కవర్ ఉంటే తీసుకోండి. ఫోన్ టార్చ్ ఆన్ చేసి, ఆ వెలుగుకి అడ్డంగా కవర్ పెట్టి చూడండి. మధ్యలో లేతగా కనిపిస్తుంది, అక్కడ రెండు పొరలు. అతికించిన చోట ఒక ముదురు గీత కనిపిస్తుంది, అక్కడ మూడు పొరలు. మూలల్లో ఇంకా ముదురు. అక్కడ కొన్ని కవర్లకు నాలుగు పొరలు కూడా ఉంటాయి, మధ్యలో ఎండిన గమ్ అదనం. ఇప్పుడు ఏ4 పేపర్ అలాగే పెట్టి చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు.

తేడా అంతా ఇక్కడే ఉంది. మనం కవర్‌ని కాస్త దళసరి కాగితం అనుకుంటాం. కాదండి, అదొక సంచి. లోపల గాలి ఉంటుంది, ఒకచోట పల్చన, ఒకచోట మందం. 80 జీఎస్‌ఎం కాగితంతో చేసిన కవరైనా మధ్యలో 160 అవుతుంది, నాలుగు పొరల మూలలో 320 అవుతుంది. మిషన్‌లో రోలర్లన్నీ ఒకే మందం ఉన్న ఒక్క షీట్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అందుకే చాలాసార్లు మిషన్‌లో ఏ రిపేరూ ఉండదు. నేను సర్వీస్‌కి వెళ్లిన కవర్ కంప్లయింట్లలో ఎక్కువ భాగం పార్టు మార్చకుండానే సర్దుకున్నాయి.

మొదట చూడాల్సింది సైజు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మన స్టేషనరీ షాపులో "9×4 కవర్లు ఇవ్వండి" అని అడుగుతాం. అది అంగుళాల లెక్క. మిల్లీమీటర్లలో సుమారు 229×102. ఇప్పుడు కంప్యూటర్‌లో ప్రింట్ సెట్టింగ్ తెరిస్తే ఏం కనిపిస్తాయి? డీఎల్ అని ఒకటి, కామ్ 10 అని ఒకటి. డీఎల్ అంటే 220×110. కామ్ 10 అమెరికా సైజు, సుమారు 241×105. మన 9×4 ఈ రెండూ కాదు! చూడ్డానికి దగ్గరగా ఉందని డీఎల్ నొక్కేస్తాం. మిషన్ లోపల సెన్సర్ ఏం చేస్తుందంటే, కాగితం ముందు అంచు ఎప్పుడు దాటింది, వెనక అంచు ఎప్పుడు దాటింది అని టైం చూసుకుంటుంది. 220 అని చెప్పి 229 పంపిస్తే, "ఈపాటికి అయిపోవాలే, ఇంకా వస్తోందేంటి" అనుకుని ఆపేస్తుంది. తెరిచి చూస్తే కవర్ నిక్షేపంగా ఉంటుంది, ఎక్కడా ఇరుక్కోలేదు. అయినా స్క్రీన్ మీద జామ్.

కాబట్టి స్కేల్ పెట్టి కవర్‌ని కొలవండి. ప్యాకెట్ మీద రాసింది నమ్మకండి, ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూఇటూ ఉంటాయి. ఆ కొలతే కస్టమ్ సైజుగా ఇవ్వండి. రెండు చోట్ల ఇవ్వాలి: కంప్యూటర్‌లో ఒకసారి, మిషన్ ప్యానెల్‌లో బైపాస్ ట్రే దగ్గర ఒకసారి. రెండూ ఒకటి కాకపోతే మిషన్ "సైజు కలవలేదు" అని అడుగుతూనే ఉంటుంది. ఇంకో మాట, ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ కొట్టేవాళ్లకి. ఫోన్‌లో వచ్చే సైజుల లిస్టులో మన 9×4 సాధారణంగా కనపడదు. దానికి కంప్యూటరే నయం.

సైజు పక్కనే పేపర్ టైప్ అని ఉంటుంది. అక్కడ ప్లెయిన్ అని వదిలేయకుండా ఎన్వలప్ అని పెట్టండి. ఇది పేరుకోసం పెట్టిన ఆప్షన్ కాదు. అది నొక్కితే చాలా మిషన్లు వేడిని, స్పీడ్‌ని కవర్‌కి తగ్గట్టు మార్చుకుంటాయి.

ఇక కవర్ లోపలికి వెళ్లే దారి. కింద ఉండే డ్రాయర్ ట్రేలో కవర్లు పెట్టకండి, మీ మోడల్‌కి ఆ సదుపాయం ఉందని మాన్యువల్‌లో రాస్తే తప్ప. డ్రాయర్ నుంచి వచ్చే కాగితం మలుపు తిరిగి పైకి ఎక్కాలి, సంచి అలా వంగదు. పక్కన తలుపులా తెరుచుకునే బైపాస్ ట్రే వాడండి, అక్కడ దారి తిన్నగా ఉంటుంది.

కవర్ వంకరగా ప్రింట్ అవుతోందని అంటారు చూడండి, దాని సంగతి చెప్తాను. మామూలు కాగితం లోపలికి వెళ్లగానే రిజిస్ట్రేషన్ రోలర్లు అని ఒక జత ఉంటుంది. అవి ఒక్క క్షణం తిరగకుండా ఆగి ఉంటాయి. కాగితం వచ్చి వాటికి తల ఆనించి కొంచెం ఉబ్బుతుంది. ఆ ఉబ్బడంలోనే వంకర సరిచేసుకుంటుంది. బడిలో లైన్లో నిలబెట్టి గోడకి ఆనించినట్టు అన్నమాట. కవర్ బిరుసు. అది ఉబ్బదు. వంకరగా వస్తే వంకరగానే వెళ్తుంది. అంటే కవర్ విషయంలో ఆ సరిచేసే పని మన చేతిలోనే ఉంది. గైడ్లు రెండూ కవర్‌కి తాకీ తాకనట్టు దగ్గరికి జరపాలి. వదులుగా ఉంటే వంకర పోతుంది, మరీ బిగిస్తే కవర్ మధ్యలో లేచి అసలు లోపలికే వెళ్లదు.

రెండేసి కవర్లు కలిసి వెళ్లడానికి కారణం ఎక్కువగా మూతలే. ఒకదాని మూత ఇంకోదాని కింద దూరి ఉంటుంది. పైదాన్ని లాగితే కిందది వెంట వస్తుంది. అందుకే కట్ట మొత్తం పెట్టొద్దు. లిమిట్ ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, నేనైతే దానిలో సగమే పెడతాను. పైగా అతుకులన్నీ ఒకే వైపు ఉంటాయి కదా, కట్ట పెరిగేకొద్దీ ఆ వైపు ఎత్తవుతుంది, రోలర్ ఒక పక్కనే నొక్కుతుంది. పెట్టే ముందు టేబుల్ మీద పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచుల వైపు నొక్కి గాలి తీసేయండి. ముందు వెళ్లే అంచుని పెన్ను వెనకతో గట్టిగా రుద్దండి. చపాతీ ఒత్తినట్టు ఒత్తక్కర్లేదు, మడత పదునుగా కూర్చుంటే చాలు.

ఏ వైపు పైకి, మూత ఎటు? దీనికి అన్ని మిషన్లకీ కలిపి ఒక రూలు లేదు. ట్రే మీద చిన్న బొమ్మ ఉంటుంది, లేకపోతే ప్యానెల్‌లో చూపిస్తుంది. మన 9×4 కవర్లు సాధారణంగా పొట్టి అంచు ముందుగా, మూత పక్కకి వచ్చేలా వెళ్తాయి. కవర్లు వేస్ట్ కాకుండా తెలుసుకోవాలంటే, ఏ4 పేపర్ని 9×4 సైజుకి కత్తిరించి, ఒక వైపు పెన్సిల్‌తో బాణం గీసి, దాని మీద అడ్రస్ ప్రింట్ కొట్టి చూడండి. అక్షరాలు ఏ వైపు పడ్డాయి, తలకిందులయ్యాయా అన్నది ఒక్క ముక్కతో తేలిపోతుంది.

ఇప్పుడు ఫ్యూజర్. అసలు గొడవంతా ఇక్కడ. టోనర్ అంటే పొడి. దాన్ని కాగితానికి అంటించడానికి వేడి, ఒత్తిడి రెండూ కావాలి. రెండు రోలర్ల మధ్య నుంచి కాగితం వెళ్తుంది, వేడి సుమారు 200 డిగ్రీల దాకా ఉంటుంది. ఒక సంగతి చెప్తాను. మనం జెరాక్స్ అని పిలుచుకునే పేరు ఒక కంపెనీది కదా, వాళ్లు 1959లో తెచ్చిన 914 అనే మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే కాలేదట. దాంతోపాటు ఒక చిన్న మంటలార్పే సిలిండర్ కూడా ఇచ్చేవారు. ఇప్పటి మిషన్లు అంత భయపెట్టవు గానీ, వేడి వేడే.

కవర్ ఆ రోలర్ల మధ్యకి వెళ్లినప్పుడు పై పొర, కింద పొర రెండూ సరిగ్గా ఒకే స్పీడులో కదలవు. లోపలి గాలి వెనక్కి తోసుకుంటూ పోతుంది. వెళ్లడానికి దారి లేకపోతే చివర్లో ముడత పడుతుంది. అందుకే ముడతలు ఎప్పుడూ వెనక చివరలోనే ఎక్కువ, గమనించారా? దీనికి మందు చాలా మిషన్లలో ముందే ఉంది. వెనక తలుపు తీస్తే రెండు చిన్న లీవర్లు కనిపిస్తాయి, పచ్చగానో నీలంగానో ఉంటాయి, కొన్నింటికి పక్కన కవర్ బొమ్మ కూడా ఉంటుంది. అవి దించితే ఫ్యూజర్ ఒత్తిడి తగ్గుతుంది. అన్ని మోడళ్లకీ ఉండవు, మీదానికి ఉందో లేదో చూడండి. వెనక నుంచి తిన్నగా బయటికొచ్చే దారి ఉంటే అది కూడా తెరిచి పెట్టండి.

మూతలు అతుక్కుపోవడం వేడి ఒక్కదాని పని కాదు, చెమ్మ కూడా. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో, విప్పిన ప్యాకెట్ నాలుగు రోజులు బల్ల మీద ఉంటే గమ్ సగం మెత్తబడి ఉంటుంది. ఫ్యూజర్ వేడి తగిలితే అతుక్కుంటుంది. వాడేదాకా ప్యాకెట్ విప్పకండి, మిగిలినవి పాలిథిన్ సంచిలో కట్టి పెట్టండి.

ఇప్పుడు తమ్ముడి ప్లాస్టిక్ సంగతి. కవర్‌కి కిటికీ ఉంది కదూ? అడ్రస్ కనపడేలా పారదర్శకంగా ఉండే ముక్క. లేజర్ ప్రింటర్‌కి పనికొస్తాయని ప్రత్యేకంగా రాసిన వాటికి తప్ప మిగతావాటికి ఆ ముక్క ఫ్యూజర్ వేడికి ఆగదు. అలాగే పీల్ చేసి అంటించే స్ట్రిప్ ఉన్నవి, లోహపు క్లిప్ ఉన్నవి, దారం ఉన్నవి, లోపల బుడగల షీట్ ఉన్నవి కూడా లేజర్ మిషన్‌లోకి వెళ్లకూడదు. అది ఏ ఓనర్ ఏ వర్కర్‌ని తిట్టినా మారని విషయం.

తమ్ముడూ, ఆ కవర్లు తెచ్చింది కస్టమర్. ఆర్డర్ ఒప్పుకున్నది షాపు. ఏవి పెట్టకూడదో నీకు ఎవరూ నేర్పలేదు. జీతంలో కోయడం న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ అభిప్రాయం చెప్తే ఓనర్ గారు వినరు కదా, చూపించాలి. కరిగిన ముక్క, మిగిలిన కవర్ రెండూ దాచు. పక్కపక్కన పెడితే అది కిటికీ ప్లాస్టిక్ అని ఎవరికైనా తెలుస్తుంది. మాన్యువల్‌లో ఏ కవర్లు వాడకూడదో రాసిన పేజీ తీసి చూపించు, కంపెనీ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. సర్వీస్ మెకానిక్ వస్తే ఆ ఫ్యూజర్ ఇప్పటిదాకా ఎన్ని పేజీలు తిరిగిందో కౌంటర్ చూసి రాసిమ్మని అడుగు. ఫ్యూజర్ అరిగిపోయే పార్టే. దాని ఆయుష్షు ఎప్పుడో దాటిపోయి ఉంటే, కొత్తదాని ఖరీదు మొత్తం నీ నెత్తిన వేయడం కుదరదు. మర్యాదగానే అడుగు, కాగితం చేతిలో పెట్టుకుని అడుగు. ఇకమీదట కవర్ల ఆర్డర్ వస్తే కస్టమర్ ముందే ఐదు కవర్లు కొట్టి చూపించు. ఐదూ బాగుంటేనే మిగతావి.

రోలర్ గురించి రెండు ముక్కలు. కవర్ అసలు లోపలికి కదలకుండా రోలర్ గిర్రున తిరుగుతుంటే, రబ్బరు మీద కాగితపు దుమ్ము పేరుకుందని అర్థం. మిషన్ ఆఫ్ చేసి, నీళ్లలో తడిపి గట్టిగా పిండిన నూలుబట్టతో తుడిచి, ఆరాక పెట్టండి. పెట్రోలు, థిన్నర్ జోలికి పోవద్దు. గరుకు కాగితంతో గీకేవాళ్లున్నారు, రెండు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదటికే. అరిగితే మార్చడమే.

జామ్ అయితే కాగితం వెళ్లే దిక్కులోనే, రెండు చేతులతో, నెమ్మదిగా లాగండి. కత్తెర, స్క్రూడ్రైవర్ లోపల పెట్టకండి, డ్రమ్ మీద ఒక్క గీత పడితే ప్రతి పేజీ మీదా ఆ గీత వస్తుంది. ఫ్యూజర్ దగ్గరైతే చల్లారనివ్వండి.

పెళ్లి కార్డుల కవర్లు తెచ్చేవాళ్లకి మాత్రం నేను వద్దనే చెప్తాను. ఉబ్బెత్తు డిజైన్, బంగారు రంగు పొర, దళసరి అట్ట. అవి మిషన్‌లో పెట్టేవి కావు. లేజర్ ప్రింటర్‌కి పనికొచ్చే లేబుల్ షీట్ మీద పేర్లు కొట్టి అంటించండి. సగం లేబుళ్లు ఊడదీసిన షీట్‌ని మాత్రం మళ్లీ మిషన్‌లో పెట్టకండి, మిగిలినవి లోపలే ఊడి ఫ్యూజర్‌కి అంటుకుంటాయి.

అన్నట్టు, కవర్లు అయిపోయాక ఆ వెనక లీవర్లు మళ్లీ పైకి ఎత్తండి. మర్చిపోతే మర్నాడు ఏ4 మీద కొట్టిన అక్షరాలు వేలితో రుద్దితే రాలిపోతాయి, టోనర్ నాసిరకం అని షాపువాడితో గొడవ పెట్టుకుంటారు. మీ మిషన్ మోడల్, కవర్ సైజు రెండూ కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను. ఉంటానండి.