ఫ్యూయల్ కూలరు: ఉంచవలెనా, తీసివేయవలెనా?
(సూరతు, సలాబత్‌పురాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మగ్గముల చప్పుడు నడుమ ఈ సలాబత్‌పురాలో పడవ ఇంజనును గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. ఈ ప్రశ్న మీలోనే పుట్టినది. మరపడవపై పనిచేయు బంధువు గల ఒక రైల్వే సోదరుడు అడిగినాడు: "మావాడి పడవ యజమాని ఇంజనుకున్న ఫ్యూయల్ కూలరును ఊడదీయించినాడు. అది సబబేనా?" శ్రీకాకుళము, విజయనగరము తీరముల నుండి మనవారు ఎందరో వేరావల్ పడవలలో కూలికి వచ్చుచున్నారు. 2018 నవంబరులో వారిలో కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా వద్ద విడుదలయినప్పుడు దేశము వారిని చూచినది. ఇంజను గదిలో వారు పడు పాట్లను చూచినవారు తక్కువ.

1964 నుండి వారణాసిలో తయారైన ఆల్కో డీజిల్ ఇంజన్లపై చేయివేసిన వారికి విషయము సులభముగా బోధపడును. పంపు కావలసిన దానికంటె ఎక్కువ ఇంధనమును లాగును. కొంత మండును. మిగిలినది పంపును, ఇంజెక్టర్లను తడిపి, వాటి వేడిని మోసికొని టాంకుకు మరలిపోవును. ఆ డీజిల్‌ను సముద్రపు నీటితో చల్లార్చునదే కూలరు. డీజిల్ 30 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 2.5 శాతము ఉబ్బును. ఇంచుమించు ఆ మేరకు ఇంజను శక్తి తగ్గును. పలుచబడిన డీజిల్ వలన పంపు అరుగుదల హెచ్చును.

అయితే కూలరు అన్ని ఇంజన్లకు ప్రాణాధారమా? కాదు. పాత యాంత్రిక పంపు గల ఇంజనులో, టాంకు పెద్దదైనచో, వేడి టాంకులోనే చల్లారిపోవును. పైగా కూలరే రోగమునకు మూలము కావచ్చును. ఉప్పునీటికి గొట్టము తినివేయబడి చిల్లి పడినచో, నీటి ఒత్తిడి ఎక్కువైనప్పుడు సముద్రము డీజిల్‌లో చేరి ఇంజెక్టర్లను పాడుచేయును. విరిగిన ఇంపెల్లరు రెక్కలు, నాచు అందులో ఇరుక్కొని ఇంజనుకే నీరు అందకుండ చేయును. అనుభవజ్ఞులైన మెకానిక్కులు కొన్ని ఇంజన్లకు దానిని తీసివేయుమనుట ఇందువలననే. ఆ మాటను యజమాని కుట్రగా కొట్టివేయుట మనకు తగదు. 1,600 బార్లకు పైబడిన ఒత్తిడిపై నడచు కామన్ రైల్ ఇంజన్ల సంగతి వేరు. అక్కడ తిరిగివచ్చు ఇంధనము మిక్కిలి వేడి; తయారీదారు లిఖితపూర్వకముగా ఒప్పుకొననిదే కూలరును ముట్టరాదు.

అసలు ప్రమాదము మరొకటి. సముద్ర నౌకల ఇంధనమునకు ఫ్లాష్ పాయింటు సాధారణముగా 60 డిగ్రీలకు తగ్గరాదని సోలాస్ ఒడంబడిక విధించినది. మన బంకులలో అమ్మెడి డీజిల్‌కు దేశ ప్రమాణము కోరునది కనీసము 35 డిగ్రీలే. మరపడవలు తరచు నింపుకొనునది ఈ డీజిల్‌నే. అది వేడెక్కి, మూసిన ఇంజను గదిలో ఒక్క రబ్బరు గొట్టము చిట్లినచో, ఆ గదిలో ఉండువాడు యజమాని కాడు.

కూలరు ఉంచినచో జింకు కడ్డీ అరిగినప్పుడెల్ల మార్చవలెను; గొట్టములను విప్పి శుభ్రపరచి, ఒత్తిడి పెట్టి పరీక్షించవలెను. దానికి రేవులో రోజులు పట్టును. చేపలో వాటా తప్ప జీతము లేనివాడు ఆ రోజులలో పస్తుండును. అందుకే "తీసి పారవేయండి" అని కొన్నిచోట్ల కార్మికుడే అనుచున్నాడు! నిలిచిన రోజులకు కూలి ఇప్పించకుండ అతనికి భద్రతను బోధించుట మన సంఘమునకు శోభించదు.

కాబట్టి మన కోరిక ఇది. కూలరును తీయుటకు ముందు, తీసిన తరువాత, టాంకు అడుగంటినప్పుడు, పూర్తి భారముపై తిరుగు గొట్టములోని వేడిని కొలిచి పుస్తకములో వ్రాయవలెను. తీయించినవారు, ఇంజను నడుపువారు ఇరువురును సంతకము చేయవలెను. తపాలా సోదరులకు దీనిని వివరింపనక్కరలేదు. 2025లో రిజిస్టరు తపాలా స్పీడుపోస్టులో కలిసిపోయినను, సంతకము లేనిదే వస్తువు చేతులు మారరాదన్న అలవాటు మీకు పోలేదు.

విజ్ఞాపన ముసాయిదా తెలుగులో, గుజరాతీలో సిద్ధముగా ఉన్నది. పడవలపై బంధువులున్నవారు ఇంజను రకము, కూలరు ఉన్నదీ లేనిదీ తెలిసికొని, వచ్చే సమావేశమునకు ముందుగా కార్యదర్శికి అందజేయగోరుచున్నాను.