కంప్యూటరు ఆటలలో హాస్యము



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో పెద్దలు నలుగురు కూడినచోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. పిల్లలు కంప్యూటరు ఆటలలో మునిగి చెడిపోవుచున్నారని. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయినను ఆటలన్నియు నొక్క జాతివి కావు. కొట్టుట, కాల్చుట తప్ప మరేమియు లేనివి కొన్ని. ఆలోచింపజేసి నవ్వించునవి కొన్ని. ఈ రెండవ జాతిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

వీనిని సాహసకథల ఆటలనవచ్చును. తెరమీద నొక చిత్రము, అందొక కథానాయకుడు కనబడుదురు. ఆడువాడు మౌస్ అను చేతి పరికరముతో తలుపునో, పెట్టెనో, మనుష్యునో చూపి నొక్కినచో, నాయకుడు అచటికి బోయి తలుపు తెరచును, వస్తువు తీసికొనును, మాటలాడును. దొరికిన వస్తువులలో ఏది యెచట నుపయోగపడునో కనిపెట్టుటయే ఆట. ఇది మన పొడుపుకథ విప్పుట వంటిదే.

అమెరికాలో సియెరా అను సంస్థ 1984లో వెలువరించిన 'కింగ్స్ క్వెస్ట్' ఈ జాతి ఆటలకు బాట వేసినది. అందు మౌస్‌తో నొక్కుటకు బదులు ఆజ్ఞలను టైపు చేయుచుండిరి. నాయకుడొక తప్పుటడుగు వేసెనా, ప్రాణము పోవును. రాన్ గిల్బర్ట్ అను రచయితకు ఈ పద్ధతి రుచింపలేదు. ఆయన టిం షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ అనువారితో గూడి 1990లో రచించిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో, ఓడదొంగ కావలెనని బయలుదేరిన అమాయక యువకుడొకడు నాయకుడు. తాను పది నిమిషములు ఊపిరి బిగబట్టగలనని యతడు గొప్పలు చెప్పుకొనును. నీట మునిగినపుడు ఆడువాడు పది నిమిషములు ఊరకున్నచో నిజముగనే చచ్చును. తక్కినచోట్ల తప్పుచేసినవానికి దండన లేదు. చమత్కారపు జవాబే లభించును. మధ్య గిలక అమర్చిన రబ్బరు కోడి యొకటి అతనికి దొరకును. చూచినవారు అది కేవలము నవ్వుటకే అనుకొందురు. తుదకు దానినే తీగకు తగిలించి, జారి, ఎదుటి దీవికి చేరవలెను.

బెత్తము చూపు గురువును, చిరునవ్వుతో మరల ప్రయత్నింపుమను గురువును మనమందరము ఎరుగుదుము. భయపడిన బాలుడు చేయి కదపడు. నవ్విన బాలుడు పదిసార్లు ప్రయత్నించును. ఈ ఆటలోని హాస్యము చేయు మేలు ఇదియే.

ఆ ఆటలోనే కత్తిసాము ఘట్టము కలదు. అందు గెలుపు కత్తిది కాదు, మాటది. ఎదుటివాడు నాయకుని కత్తిసామును పాడిరైతు పనితో పోల్చి వెక్కిరించును. దానికి తగిన జవాబు ఆ వెక్కిరించినవానినే ఆవును చేయును. పుంగనూరు పొట్టి ఆవులను పెంచువారికి ఈ చమత్కారము వివరింపనక్కరలేదు. ఆడువాడు ఇట్టి జవాబులను ఒక్కొక్కటిగా నేర్చుకొని, చివరకు కత్తిసామున ఆరితేరిన యొక స్త్రీ నెదిరింపవలెను. ఆమె పలుకు ఎత్తిపొడుపులు అన్నియు క్రొత్తవి. జవాబులు మాత్రము పాతవే. ఏ పాత జవాబు ఏ క్రొత్త మాటకు అతుకునో తెలిసికొనవలెను. వల్లెవేసినవాడు ఓడును, అర్థము గ్రహించినవాడు గెలుచును. అవధానములో సమస్యను పూరించువానికిని, అప్రస్తుత ప్రసంగమును ఎదుర్కొనువానికిని కావలసినది ఈ శక్తియే గదా!

అయితే హాస్యమునకు భాషయే ప్రాణము. 1991లో వచ్చిన రెండవ భాగములో నీటి మరను త్రిప్పుటకు కోతినే పానాగా వాడవలసిన ఘట్టమొకటి కలదు. అమెరికాలో ఒక తరహా పానాను 'మంకీ రెంచ్' అని పిలుతురు. ఆ పేరు వాడుకలో లేని ఇంగ్లండు వారికి, ఆంగ్లమే మాతృభాషయైనను, ఆ చిక్కు విడుట దుర్లభమైనది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మన మదనపల్లెలోనే 'జనగణమన' గీతమును ఆంగ్లమున అనువదించెను. గీతము భాష మారినను నిలిచినది. శ్లేషతో గూడిన హాస్యమట్లు నిలువదు. తెలుగు, తమిళము, కన్నడము కలియు కుప్పమువారికి ఈ సంగతి నిత్యానుభవము.

కావున పెద్దలకు నా మనవి. మన పిల్లలు బుద్ధికి పదును పెట్టు హాస్యమును పరభాషలోనే నేర్చుకొన్నచో, తెలుగు వారికి పాఠ్యపుస్తకపు భాషగనే మిగులును. ఆటకు వేళ నియమింపుడు. కాని కసరి లేపకుడు. ప్రక్కన కూర్చుండి, "ఎందుకు నవ్వితివి నాయనా?" అని యడుగుడు. అతడు చెప్పిన పిదప మీరొక పొడుపుకథ వేయుడు. తెనాలి రామకృష్ణుని యుక్తి నొకటి చెప్పుడు. దీపపు వెలుగులో తెరమీద తోలుబొమ్మ లాడునపుడు కేతిగాడును బంగారక్కయు నవ్వించిన తీరు వర్ణింపుడు. నాటి తెరకును నేటి తెరకును దూరము మిక్కిలి లేదని బాలుడే గ్రహించును.

కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. మన పల్లెల బిడ్డలు యంత్రవిద్య నభ్యసించుచున్నారు. తెర వారు చేయగలరు. దానిపై పలుకవలసిన తెలుగు చమత్కారము మీయొద్ద నున్నది. అది మీతోనే ముగియకుండ చూడుడు.