బంజారా హిల్స్‌లో మనకేముంది?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదులో చూడదగిన చోట్ల గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం మనం చూసినవే. అందుకని మనలాంటివాళ్ళు చూడబోని ఒక చోటు గురించి చెబుతాను. అది బంజారా హిల్స్, దాన్ని ఆనుకుని ఉన్న జూబ్లీ హిల్స్.

మనలో చాలామంది పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. మనం పోయి పది రోజులు ఉంటాం. పొద్దున్నే కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనుమలు బడికి వెళ్తారు. మనం నాలుగో అంతస్తులో తలుపు గడియ వేసుకుని టీవీ ముందు కూర్చుంటాం. పక్కనే ఉన్న జూబ్లీ హిల్స్ చూసి వద్దామంటే, "అది సినిమావాళ్ళ పేట, మనకేముంది అక్కడ?" అంటారు. ఏముందో మనవి చేస్తాను.

ముందు పేరు సంగతి. బంజారాలంటే మన లంబాడీలే. మానుకోట, నర్సంపేట తండాల్లో ఉన్నవారి బంధువర్గమే. ఒకప్పుడు ఆ గుట్టల మీద వాళ్ళ తండాలు ఉండేవి. నిజాం కాలంలో పెద్ద ఉద్యోగం చేసిన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకుని దానికి బంజారా భవన్ అని పేరు పెట్టారు. బండలను పేల్చి చదును చేయకుండా, వాటిని ఇంట్లో కలుపుకుని కట్టారు. ఆయన 1960లో గుజరాత్‌కు మొదటి గవర్నరయ్యారు. మనం ఎం.ఎన్.జె. అని పిలిచే రెడ్ హిల్స్ కేన్సర్ ఆసుపత్రి ఆయన పేరు మీదిదే. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు ఈ గుట్టలకు ముచ్చటపడి ఒక కవిత రాశారు. తండాలు పోయాయి, పేరు మిగిలింది. గజం ధర చెబితే మన పెన్షన్ అంతా కూడబెట్టినా చాలదు.

ఇక చూడవలసినవి. కాజీపేటలో పొద్దుటి రైలెక్కి సికింద్రాబాదులో దిగితే స్టేషను పక్కనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో. రాయదుర్గం వైపు బండెక్కితే ఎక్కడా మారకుండా జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టులో దిగవచ్చు. లిఫ్టు ఉంది కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళు భయపడనక్కరలేదు. ఆ చుట్టుపక్కలు మనలో కొందరికి బసవతారకం కేన్సర్ ఆసుపత్రికి పోయి వచ్చిన దారిగానే తెలుసు. అక్కడికి దగ్గరలోనే కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఉంది.

దాన్ని పార్కు అంటారు గానీ అది అడవి. 350 ఎకరాల పైచిలుకు. 1998లో జాతీయవనంగా ప్రకటించారు. నడినగరంలో నెమళ్ళు తిరుగుతుంటాయి. లోపల చిరాన్ ప్యాలెస్ ఉంది, చివరి నిజాం మనుమడు ముకర్రం జాది. ఆయన 2023 జనవరిలో టర్కీలో కాలం చేస్తే హైదరాబాదుకు తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. నడకకు ఉదయం, సాయంత్రం మంచివి. వేళలు కనుక్కుని వెళ్ళండి. గేటు దగ్గర ఇచ్చే రుసుము చిన్నదే. నేను యూసుఫ్‌గూడలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అక్కడికి వెళ్తాను. పెద్ద కారు దిగినాయనా నేనూ ఒకే బాట మీద నడుస్తాం, ఇద్దరికీ ఆయాసం ఒకేలా వస్తుంది.

అక్కడినుంచి మెట్రోలో ఒక్క స్టేషను పోతే పెద్దమ్మ గుడి. చుట్టూ ఎన్ని బంగళాలు లేచినా ఆషాఢంలో బోనాలు వస్తూనే ఉన్నాయి. మన భద్రకాళి అమ్మవారి గుడిలో కూర్చున్నట్టే ఉంటుంది. బంజారా హిల్స్ 12వ నంబరు రోడ్డులో 2009లో వెలసిన జగన్నాథాలయం ఉంది. ఒడియావారు తమ పూరీ పద్ధతిలో కట్టుకున్నారు, ఆషాఢంలో రథయాత్ర కూడా చేస్తారు. సినిమా మీద మోజున్నవారు 1976లో అక్కినేనివారు పెట్టిన అన్నపూర్ణ స్టూడియోను గేటు బయటినుంచి చూడవచ్చు. మద్రాసునుంచి తెలుగు సినిమా మన దగ్గరకు రావడంలో ఆ గేటుకు పెద్ద పాత్ర ఉంది. సాయంత్రం దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన దగ్గర దీపాలు చూడవచ్చు. పాటా మాటా వినాలంటే 1వ నంబరు రోడ్డు దగ్గర లామకాన్ ఉంది. 2010నుంచి నడుస్తున్నది. చాయ్ తాగుతూ గోష్ఠి వినవచ్చు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.

అడిగే చోట్లూ ఉన్నాయి. ఒక పెద్ద దుకాణాల సముదాయం గుమ్మం దగ్గర కాపలా అబ్బాయి నా చేతిసంచి చూసి, "ఎవరి కోసం వచ్చారు పెద్దాయనా?" అన్నాడు. "చూడటానికి వచ్చాను నాయనా" అన్నాను. లోపల చూస్తే అన్నీ మన హన్మకొండ చౌరస్తాలో దొరికేవే, ధర మాత్రం నాలుగింతలు. అవి మీరు చూడకపోయినా నష్టం లేదు.

చూడకపోతే నష్టమైనవి ఆ బండలు. 250 కోట్ల ఏళ్ళనాటి రాళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుట్టల్లో ఎక్కువ భాగం ఇళ్ళ కోసం పగలగొట్టారు. మిగిలినవాటి కోసం 1996లో ఒక సంఘమే పుట్టింది. అందులో ముందు నిలిచిన నరేంద్ర లూథర్‌గారు మనలాగే ప్రభుత్వోద్యోగి, కాకపోతే ఐ.ఎ.ఎస్. అధికారి. బంజారా హిల్స్‌లో తమ ఇంటి లోపలే బండను ఉంచుకుని కాపురం చేశారు. పార్కు చుట్టూ వంతెనల కోసం చెట్లు కొట్టబోతే 2016లో ఆ చుట్టుపక్కలవాళ్ళు రోడ్డెక్కారు. ఇన్ని కోట్ల ధర పలికే చోట ఈ రోజు మనం ఉచితంగానో, నాలుగు రూకలకో చూడగలుగుతున్నవన్నీ ఎవరో ఒకరు వద్దని అడ్డుపడితే మిగిలినవి.

ఇది మనకెందుకంటారా? మనది ఓరుగల్లు. ఏకశిలానగరం. ఊరి పేరులోనే రాయి ఉన్నవాళ్ళం. మనకు కోటలో ఏకశిల గుట్ట ఉంది. హన్మకొండలో పద్మాక్షి గుట్ట, జైన విగ్రహాలున్న అగ్గలయ్య గుట్ట ఉన్నాయి. అవీ ఆ బండల వంశంవే. జిల్లాలో ఎన్నో గుట్టలు ఇప్పటికే కంకరగా మారి లారీలెక్కాయి. ఏ గుట్ట ఏ సర్వే నంబరులో ఉందో, ఏ చెరువు శిఖం ఎంతో ఈ గదిలో ఉన్న రెవెన్యూవారికి నోటికి వచ్చు. ఆ జ్ఞాపకం మనతోనే పోకూడదు.

అందుకని రెండు విన్నపాలు. ఒకటి, ఈసారి పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు నీళ్ళసీసా, మందుల డబ్బీ, ఫోను నంబరు రాసిన చీటీ జేబులో వేసుకుని ఒక పూట బయటికి రండి. రెండు, దసరాకు మనుమలు ఇక్కడికి వచ్చినప్పుడు సద్దుల బతుకమ్మ నాడే కాకుండా మర్నాడు పొద్దున కూడా పద్మాక్షి గుట్ట ఎక్కించండి. మన సంఘం తరఫున మన గుట్టల జాబితా ఒకటి తయారుచేసి కలెక్టరుగారికి అర్జీ పెడదామని ప్రతిపాదిస్తున్నాను. ముసాయిదా నేను రాస్తాను, సర్వే నంబర్లు మీరు ఇవ్వండి.