పడవనుండి ఒడ్డుకు
(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పడవలను గురించి, రేవులను గురించి మాట్లాడెదమని చెప్పగానే జనగామనుండి వచ్చిన సభ్యులలో కొందరు ఒకరి ముఖమొకరు చూచుకొనుట మేము గమనించితిమి. జనగామ మెట్ట ప్రాంతము. అక్కడివారికి చెరువు తెలియును, బావి తెలియును. రేవుతో పని తక్కువ. మహబూబాబాద్ జిల్లాలో మున్నేరు, ఆకేరు ఉన్నను అవి ప్రయాణపు పడవలు నడచు నదులు కావు. ఈ మూడు జిల్లాలలో పడవ నడచు పెద్దనది గోదావరి యొక్కటియే. అదియు భూపాలపల్లి జిల్లా సరిహద్దు వెంబడి సాగిపోవుచున్నది. అయినను పడవ యెక్కువారు మూడు జిల్లాలలోను ఉన్నారు. కాళేశ్వరమునకు బస్సు మాట్లాడుకొని పోవువారు, పాపికొండలు చూడబోవువారు, పట్టణములందు ఉద్యోగము చేయు బిడ్డలు పిలువగా సముద్రముమీద విహారనౌక యెక్కువారు కూడ నేడు మన గ్రామములనుండియే బయలుదేరుచున్నారు. వారిలో ముసలివారున్నారు, చంకబిడ్డల తల్లులున్నారు, కాలు సరిగా లేనివారున్నారు. పడవలో కూర్చున్నంతసేపు వీరికి కష్టము లేదు. ఎక్కునప్పుడును దిగునప్పుడును ఉన్నది కష్టమంతయు.

కాళేశ్వరము సంగతి మీకు తెలిసినదే. మహాదేవపూర్ మండలములో గోదావరియు ప్రాణహితయు కలియు చోట, ఒకే పానవట్టముమీద రెండు లింగములుగల ఆలయము. ఆవలి ఒడ్డు మహారాష్ట్రలోని సిరొంచ. వంతెన రాకముందు ఆ యొడ్డునకు ఈ యొడ్డునకు పడవలే దిక్కు. ఇప్పుడు వంతెనమీద బండ్లు పోవుచున్నవిగాని, సంగమము దగ్గరకు, నది నడుమ ఇసుక తిన్నెలకు యాత్రికులను పడవలు చేర్చుచునే యున్నవి. పితృకర్మలకై, అస్థి నిమజ్జనమునకై ఎక్కువమంది వచ్చు క్షేత్రమగుటచే ఇచ్చటి యాత్రికులలో వృద్ధుల పాలు హెచ్చు. మెట్లు దిగలేనివారే ఎక్కువగా వచ్చు చోట మెట్లే దారియైనచో ఏమగునో ఆలోచింపుడు.

పైగా గోదావరి ఒకచోట నిలుచునది కాదు. వానకాలమున నీరు మెట్లమీదికి వచ్చును. చివరి మెట్టు ఎక్కడనో కానరాదు, పాచిపట్టి కాలు జారును. ఎండకాలమున నీరు దూరముగా తొలగును; మెట్లు ముగిసిన తరువాత కాలు మాడు ఇసుకలో నడువవలెను. 2025 మే 15 మొదలు 26 వరకు జరిగిన సరస్వతీ పుష్కరములు అట్టి నిండు వేసవిలోనే వచ్చినవి. ఒక నీటిమట్టమునకు కట్టిన రేవు మరియొక మట్టమునకు పనికిరాదు. ఈ సత్యమును గుర్తింపక సిమెంటు మెట్లకే డబ్బంతయు పోయుట మన అలవాటు.

ఒక యాత్రాస్థలమున మేము చూచిన సంగతి చెప్పెదము. ఊరి పేరు అవసరము లేదు. జనగామ దిక్కునుండి వచ్చిన ఒక కుటుంబము నాటుపడవలో మాతోపాటు ఉండినది. కొడుకు, కోడలు, ఏడాది నిండని బిడ్డ, మోకాళ్ళు పట్టుకొనిపోయిన తల్లి. భర్తపోయిన యేడు ఆమె సంగమస్నానము మ్రొక్కుకొన్నదట. తిన్నెకు నాలుగడుగుల దూరమున పడవ అడుగు ఇసుకకు తగిలి ఆగినది. మగవారు పంచెలు ఎగగట్టి దుమికిరి. కోడలు బిడ్డను చంకనుంచుకొనియే దుమికినది. ఆమె తూలినప్పుడు మా అందరి ప్రాణములు పైపైననే పోయినవి. ముసలమ్మ పడవ అంచువరకు వచ్చి నీటివైపు చూచి, మరల కూర్చున్నది. "మీరు పొయి రాండ్రి బిడ్డా, నేనీడనే కూసుంట" అన్నది. వారు స్నానము చేసి వచ్చువరకు ఆమె పడవలోనే ఉండి, అంచునుండి చేయి చాచి పుడిసెడు నీరు తీసికొని నెత్తిన చల్లుకొన్నది. అంత దూరము బస్సులో వచ్చి ఆమెకు దక్కిన స్నానము అదియే. ఆ దినమున అక్కడ ఒక మంచి బల్ల ఉండినచో ఆమె దిగియుండును.

కాబట్టి మొదట బల్లను గురించియే చెప్పెదము. పడవనుండి ఒడ్డునకు వేయు బల్ల పెక్కుచోట్ల ఒక జానెడు వెడల్పు పలక మాత్రమే. అది పడవ కదలినప్పుడెల్ల జారును. మూడడుగుల వెడల్పు ఉండవలెను. అప్పుడే ఒకరు ప్రక్కన చేయి పట్టి నడిపింపగలరు, చక్రాల కుర్చీయు పట్టును. కాలు జారకుండ అడుగున్నరకొక అడ్డబద్ద కొట్టవలెను. కుర్చీ చక్రములకు మాత్రము రెండు ప్రక్కలను నున్నని దారి విడువవలెను. పడవవైపు కొనకు ఇనుప కొక్కెములుంచి అంచునకు తగిలింపవలెను. ఒక ప్రక్కనైనను వెదురు చేపట్టు కట్టవలెను. మీ గ్రామములోని వడ్రంగి ఈ పనిని చేయలేనివాడు కాడు.

బల్లకంటె ముఖ్యమైనది పడవను కట్టుట. పడవ ముక్కు ప్రవాహమునకు ఎదురుగా తిప్పి ఒడ్డు చేర్చి, ముందును వెనుకను మోకులతో గుంజలకు కట్టి, ఇంజను ఆపిన తరువాతనే ఎవరైనను లేవవలెను. మనవారు ఒడ్డు కనబడగానే అందరు ఒక్కసారి లేచి ఒక ప్రక్కకు వత్తురు. బరువంతయు ఒకవైపు పడి పడవ ఒరగుట అప్పుడే. బలముగల ఇద్దరు మొదట దిగి ఒడ్డున నిలువవలెను. ఒకరు పడవలో నిలువవలెను. వీరి చేతులమీదుగా వృద్ధులు, పిల్లలు దిగవలెను. తక్కినవారు ఒక్కొక్కరుగా ఆ తరువాత. పడవ నడుపువారిచే ఈ క్రమమును పాటింపజేయు అధికారము తమకు లేదని సభ్యులు కొందరు మాతో అనిరి. రేవులో నిలుచుండి గట్టిగా చెప్పుటకు ఏ అధికారము కావలెను?

బిడ్డను ఎత్తుకొని ఎవరును దుమకరాదు. పడవలోనివారు బిడ్డను ఒడ్డుననున్నవారి చేతికి అందించి, వట్టిచేతులతో దిగవలెను. లైఫ్ జాకెట్టు పిల్లల కొలతది వేరుగా ఉండవలెను. పెద్దవారి జాకెట్టు బిడ్డకు వేసినచో నీటిలో జాకెట్టు పైకి తేలును, బిడ్డ క్రిందికి జారును. కాళ్ళ నడుమనుండి కట్టు పట్టీ ఉన్నదియే మంచిది. దానిని ఒడ్డుననే తొడిగి మరల ఒడ్డు చేరిన తరువాతనే విప్పవలెను. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలములోని కచ్చులూరు దగ్గర, గోదావరి వరదమీద నుండగా పాపికొండల లాంచీ మునిగి దాదాపు 50 మంది మరణించిరి. మన పొరుగున ఓరుగల్లు ప్రాంతములోని కడిపికొండనుండి వెళ్ళినవారును అందులో ఉండిరి. నది ఎరుపెక్కి సుడులు తిరుగుచున్న దినమున ఎంత చక్కని బల్లయు ఎవరిని కాపాడదు. ఆ దినమున పడవ యెక్కకుండుటయే మేలు.

ఇక కాలు సరిగా లేనివారి విషయము. మనవారిది జాలిగుండె, అందుచేత అడుగకయే ఎత్తివేయుదురు. చంకల క్రింద చేతులు పెట్టి బియ్యపు మూటవలె దించుదురు. భుజము కీలు తప్పినవారిని మేమెరుగుదుము. ముందు ఆ మనిషిని అడుగవలెను: "ఏ వైపు పట్టుకొనమందురు? ఎట్లు దిగుట మీకు అలవాటు?" అని. తన దేహము సంగతి వారికే బాగుగా తెలియును. ఒక కాలు బలహీనమైనవారు పైకి ఎక్కునప్పుడు బలమైన కాలు ముందు పెట్టవలెను. క్రిందికి దిగునప్పుడు బలహీనమైన కాలు ముందు పెట్టవలెను. చూపు లేనివారిని వెనుకనుండి త్రోయరాదు. వారు మీ మోచేయి పట్టుకొని మీ వెనుక నడుతురు, మీరు "ఇక్కడ అడుగు లోతు" అని చెప్పుచుండవలెను. వినికిడి లేనివారికి సరంగు కేకలు అందవు, చేసైగ నేర్పుకొనవలెను.

చక్రాల కుర్చీకి ముందుండు చిన్నచక్రములు ఇసుకలో కూరుకొనిపోవును. ముందుకు త్రోయకొలది ఇంకను దిగబడును. కుర్చీని వెనుకకు వంచి పెద్దచక్రములమీద వెనుకకు లాగినచో సాగును. ఏటవాలున దిగునప్పుడును కుర్చీని వెనుకకు త్రిప్పి, పట్టుకొన్నవారు దిగువవైపున ఉండవలెను. అంతకంటె మంచి ఉపాయము ఇసుకమీద దారి పరచుట. వెదురు తడికలు గాని, కొబ్బరిపీచు చాపలు గాని ఒకదానిపై ఒకటి కొంచెము ఎక్కునట్లు పరచి, అంచులకు మేకులు దిగగొట్టవలెను. చెన్నై మెరీనా తీరమున 2022 నవంబరులో ఇసుకపై 263 మీటర్ల కొయ్యబాట వేసిరి. కుర్చీలోనివారు తొలిసారిగా తమంతట అలలదాక పోయిరి. మరుసటి నెల తుపానుకు అది దెబ్బతిన్నది; మరల బాగుచేసిరి. నీటి యొడ్డున వేసినది నీటిపాలగుట సహజము. కావున మన తడికలు విప్పి చుట్టగలుగునవిగా ఉండవలెను. వరద వార్త రాగానే వానిని పంచాయతీ కార్యాలయములో పెట్టుకొనవలెను.

స్థిరముగా కట్టు వాలుబాటకు లెక్క ఒకటి ఉన్నది. అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవు. గట్టు నాలుగడుగులున్నచో 48 అడుగుల బాట కావలెను, నడుమ ఆగుటకు చదునైన చోటు ఉండవలెను. స్థలము చాలలేదని నిలువుగా కట్టిన వాలుబాటలను మేము చాల చూచితిమి. వానిమీద కుర్చీ కాదు, మేక కూడ జారును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రజలు వచ్చు స్థలములన్నియు వారికి అందుబాటులో ఉండవలెనని చెప్పుచున్నది. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళిక వ్రాయునప్పుడు ఈ మాటను జ్ఞాపకము పెట్టుకొని కొలతలతో సహా వ్రాయుడు. నీరు పెరిగినను తరిగినను పనికివచ్చునది, నీటితోపాటు లేచి దిగు పంటు. అది పంచాయతీ యొక్కటే భరింపగల ఖర్చు కాదు. జిల్లా అధికారులను అడుగవలసినది.

సముద్రపు నౌకలను గురించి రెండు మాటలు. 2022 జూన్‌లో విశాఖపట్టణమునుండి విహారనౌక బయలుదేరినది మొదలు మన ప్రాంతమువారికిని ఆ ముచ్చట కలిగినది. ఓడ రేవుగట్టునకు ఆనుకొని నిలిచినచో పెద్ద వంతెనబల్లమీదుగా దిగవచ్చును. లక్షద్వీపములవంటి చోట్ల ఓడ దూరముగా సముద్రములో నిలుచును. అక్కడినుండి చిన్నపడవలోనికి మారి ఒడ్డు చేరవలెను. అల పైకి లేచినప్పుడు చిన్నపడవ ఓడ అంచునకు సమముగా వచ్చును, మరుక్షణమున క్రిందికి పోవును. కుర్చీలోనివారిని ఆ పడవలోనికి ఎక్కించుకొనని ఓడలున్నవి. టికెట్టు కొనకముందే "ఎక్కడెక్కడ గట్టునకు ఆనును, ఎక్కడ చిన్నపడవ?" అని అడుగవలెను. మొదటి పడవకు అందరు ఎగబడుదురు. ముసలివారు రద్దీ తగ్గిన తరువాత పోవుట మేలు.

ఇదంతయు యాత్రలకు, వేడుకలకు సంబంధించినదే అనుకొనకుడు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి మునిగినప్పుడు జనులు మిద్దెలెక్కి, చెట్లెక్కి నిలిచిరి. హెలికాప్టరులు, పడవలు వచ్చి కాపాడినవి. అట్టి సమయమున మంచము దిగలేని ముసలివానిని పడవలోనికి చేర్చుట ఎట్లో ఆ క్షణమున నేర్చుకొనుటకు వీలు కాదు. మీ గ్రామములో నడువలేనివారు ఏ ఇంట ఎందరున్నారో జాబితా వ్రాసి పెట్టుకొనుడు. పదిమంది యువకులకు పట్టుకొను విధానము నేర్పుడు. వాగు ప్రక్కననున్న మహబూబాబాద్ తండాలవారు ఈ పనిని రేపటికి వాయిదా వేయరాదు.

గోదావరి పుష్కరములు 2015 జూలైలో జరిగినవి. ఆ నెల 14న రాజమహేంద్రవరములో ఒక్క ఘట్టమువద్దకు జనమంతయు చేరగా తొక్కిసలాటలో 20 మందికి పైగా మరణించిరి. మరల 2027లో పుష్కరములు రానున్నవి. కాళేశ్వరము ప్రక్క పంచాయతీలవారు వృద్ధులకు వేరు దారి, నీడపందిరి, కూర్చుండుటకు బల్లలు, త్రాగునీరు ఇప్పటినుండియే అడుగవలెను. జనగామ, మహబూబాబాద్ సభ్యులు తమ ఊరినుండి బస్సు బయలుదేరునప్పుడు ఎవరికి సాయము కావలెనో చూచి, ఒక్కొక్కరికి ఒక మనిషిని ఒప్పగింపవలెను. ముఖ్యస్నానపు దినమున గాక నడుమ దినములలో, తెల్లవారుజామున చేరునట్లు ఏర్పాటు చేయవలెను. కుర్చీకి సామానువలె వేరే రుసుము అడుగు పడవలను మేము చూచితిమి. అది ఈయవలసిన పని లేదు.

తిరుగు ప్రయాణమును మాత్రము అందరు మరచుచున్నారు. ప్రొద్దున దిగినచోట సాయంత్రమునకు నీరు జానెడు పెరిగియుండవచ్చును, తగ్గియుండవచ్చును. అలసినవారు, తడిబట్టలవారు, నిద్రబోవు పిల్లలు అప్పుడు పడవ యెక్కుదురు. ప్రొద్దున బల్ల పట్టిన ఇద్దరును సాయంత్రము చివరి పడవ వచ్చువరకు రేవులో ఉండవలెను. వారికి భోజనము అక్కడికే పంపుడు.