పదో తరగతి గీత

పట్టాలు అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు అభినందనలు.

మదనపల్లెకు వచ్చిన అతిథులు జిడ్డు కృష్ణమూర్తి గారిని తలుచుకోకుండా మైకు వదలరు. నేనూ తలుచుకుంటాను, కాకపోతే వేరే కారణంతో. ఆయన 1895లో ఈ ఊళ్ళో పుట్టి 1986లో కాలిఫోర్నియాలోని ఓహైలో కన్నుమూశారు. 1915లో ఇక్కడ కళాశాల పెట్టిన అనీ బీసెంట్ లండన్‌లో పుట్టిన మనిషి. ఆ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆసుపత్రిని నిలబెట్టిన ఫ్రిమోడ్ మొల్లర్ డెన్మార్క్ డాక్టరు. ఆ బీసెంట్‌నే 1917 జూన్‌లో మద్రాసు ప్రభుత్వం ఊటీలో నిర్బంధంలో పెట్టింది. ఊరికి వచ్చేవాళ్ళు, ఊరు విడిచి పోయేవాళ్ళు, ఇద్దరి మీదా కన్నేసి ఉంచే ప్రభుత్వం. ఈ మూడూ ఈ గడ్డకు నూరేళ్ళుగా తెలుసు. ఈరోజు నా ప్రసంగం ఆ మూడింటి గురించే.

ఇక్కడినుంచి మనుషులు ఎందుకు పోతారో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా రెండు వందల దాకా పలికింది. ఇంకో ఏడాది కోతకూలి కూడా రాక కాయను చేలోనే వదిలేస్తారు. బోరు ఎండుతుంది, అప్పు మాత్రం ఎండదు. కుప్పంలో తెల్లారకముందే బెంగళూరు రైలెక్కుతారు. పుంగనూరు, మదనపల్లె, రాయచోటి పల్లెల నుంచి కువైట్ విమానమెక్కుతారు. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇంటిపనికి. ఈ సభలో కూర్చున్న ఎంతోమంది ఫీజు ఆ డబ్బుతో కట్టినదే. ఆ సంగతి దాచుకోవాల్సింది కాదు.

ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. మీ పాస్‌పోర్టును, కువైట్ పోయొచ్చిన మీ అమ్మదో పిన్నమ్మదో పాస్‌పోర్టును పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె దాంట్లో ఈసీఆర్ అని ఉంటుంది. వలస తనిఖీ తప్పనిసరి అని దాని అర్థం. మీ దాంట్లో అది ఉండదు. పదో తరగతి పాసైనవాళ్ళకు ఆ తనిఖీ అక్కర్లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నడుస్తున్న ఏర్పాటు ఇది. పది పాస్ కానివాళ్ళు కువైట్, సౌదీ, ఖతార్, మలేషియా వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆడమనిషికైతే ముప్పై ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుంచి ఆడవాళ్ళను ఇంటిపనికి పంపే అధికారం ప్రభుత్వ సంస్థలకే ఉంది. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ ముప్పై వేలు, దానిమీద జీఎస్టీ. పోయేవాళ్ళకు పది లక్షల ప్రమాద బీమా ఉంటుంది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు.

కాగితం మీద ఇది మంచి చట్టమే. చదువు లేని మనిషికి ప్రభుత్వం తోడు నిలబడతానంది. కానీ ఊళ్ళో ఏం జరుగుతోంది? ముప్పై నిండని తల్లికి అనుమతి రాదు. ఆమె అప్పు మాత్రం ముప్పై నిండేదాకా ఆగదు. ప్రభుత్వం తలుపు మూసిన చోట ఏజెంటు కిటికీ తీస్తాడు. విజిట్ వీసా మీద పంపిస్తాడు, లేదా ఇంకో దేశం చుట్టు తిప్పి పంపిస్తాడు. అలా పోయిన మనిషి ఏ రిజిస్టరులోనూ ఉండదు. బీమా లేదు, కాంట్రాక్టు లేదు. అక్కడ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, జీతం ఎగ్గొట్టి, పాస్‌పోర్టు లాక్కుంటే ఇల్లు దాటి బయటికొస్తుంది. ఆ క్షణం నుంచి ఆమెను ఖల్లివెల్లి అంటారు, అంటే యజమానిని వదిలి పారిపోయిన మనిషి అని. దెబ్బ తిన్నదీ ఆమే, చట్టం ముందు దొంగలా నిలబడేదీ ఆమే.

నిజానికి కువైట్‌లోనూ చట్టం లేకపోలేదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం తెచ్చారు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి ఒక నెల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండకూడదు. విమానమెక్కే మనిషికి ఈ నాలుగు ముక్కలు తెలుగులో చెప్పిన వాళ్ళెవరు? 2018లోనూ 2024లోనూ కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. అకామా, అంటే నివాస అనుమతి, లేకుండా ఉండిపోయిన మనవాళ్ళు జైలు, జరిమానా లేకుండా ఇంటికి రాగలిగారు. సంతోషమే. అయితే ఏ తప్పూ చేయని మనిషి క్షమాభిక్ష కోసం వరసలో నిలబడాల్సి వచ్చిందంటే తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి చూడాలి.

ఇప్పుడు పదో తరగతి అనే గీతకు ఇవతలి పక్క సంగతి, అంటే మీ సంగతి. పది దాటినవాడు తన మంచీ చెడూ తాను చూసుకోగలడని చట్టం నమ్మింది. ఆ నమ్మకం ఎంతవరకు నిలిచిందో చూద్దాం.

2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అది వీసాలు అమ్ముకున్న దుకాణమని తేలింది. విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, అందులో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో ట్యాగులు తగిలించారు. ఆ సంస్థ అధిపతికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. ఎనిమిదేళ్ళు గడిచాయి. 2019 జనవరి చివర్లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. దానికి వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది, ఫీజులున్నాయి. తరగతులు లేవు, పాఠం చెప్పేవాళ్ళూ లేరు. ఎందుకంటే దాన్ని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖవాళ్ళే. వలసదారులను పట్టుకోవడానికి ప్రభుత్వమే ఒక దొంగ విశ్వవిద్యాలయం తెరిచి ఫీజులు వసూలు చేసింది. అప్పుడు పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశంవాళ్ళు. పిల్లల్ని చేర్పించినందుకు కేసు పడిన ఎనిమిది మందీ తెలుగువాళ్ళే. క్లాసులుండవని తెలిసే చేరినవాళ్ళూ ఆ విద్యార్థుల్లో ఉన్నారు, ఎప్పటికైనా మొదలవుతాయని ఎదురుచూసినవాళ్ళూ ఉన్నారు. ఫీజు తీసుకుని చదువు చెప్పలేదని ఒక విద్యార్థి ప్రభుత్వం మీద వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024 జూన్‌లో అప్పీలు కోర్టు దాన్ని విచారించాలంది. ప్రభుత్వమైనా సరే, మోసం చేస్తే నిలదీయవచ్చని ఆ విద్యార్థి చేసి చూపించినట్టు.

తర్వాతి మోసం కంబోడియా. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. ఫోన్లో మోసపోయేదీ మనవాళ్ళే, మోసం చేయక తప్పనిదీ మనవాళ్ళే. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఆ ముఠా గుట్టు బయటపెట్టారు. మయన్మార్ సరిహద్దులోని అలాంటి కేంద్రాల నుంచి 2025 మార్చిలో వాయుసేన విమానాలు ఐదు వందల మందికి పైగా మన దేశస్థులను తీసుకొచ్చాయి. అలా చిక్కుకున్నవాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళకు కొదవలేదు. అదే ఏడాది ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మందిని అమృత్‌సర్‌లో దింపింది. లక్షలకు లక్షలు ఏజెంట్లకు పోసి, అడవులు దాటి, ఆశ్రయం అడుగుదామని పోయినవాళ్ళూ అందులో ఉన్నారు.

కాబట్టి గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ళను మోసం చేసినవాడు ఒక్కడే. అమ్మకు ఇంటిపని వీసా అమ్మినవాడికీ, కొడుకుకు అడ్మిషన్ అమ్మినవాడికీ పద్ధతిలో తేడా లేదు. మరి వాడికి శిక్ష ఎంత? 1983 చట్టం ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా. న్యాయంగా తీసుకోదగిన చార్జీ ముప్పై వేలు, అన్యాయానికి జరిమానా రెండు వేలు! మన ప్రభుత్వాలు చిక్కుకున్నవాళ్ళను తెచ్చుకోవడంలో చురుకుదనం చూపించాయి, కాదనను. పంపినవాడిని పట్టుకోవడంలో ఆ చురుకుదనం లేదు. పాత చట్టం స్థానంలో కొత్తది తేవడానికి 2025లో విదేశాంగ శాఖ ముసాయిదా బిల్లు బయటపెట్టింది. అది చదవండి. ఏజెంటు మీద ఎంత బరువు పెట్టిందో, పోయే మనిషి మీద ఎంత పెట్టిందో తూకం వేయండి.

చట్టం ఎంత గట్టిదైనా చివరికి పోలీస్ స్టేషన్ గడప దగ్గరే దాని బలం తేలుతుంది. అక్కడ వినిపించే మాటలు మీకు తెలుసు. డబ్బు మీ ఇష్టంతోనే ఇచ్చారు కదా? రసీదు ఉందా? ఏజెంటు ఊరు మా పరిధి కాదు. చివరి మాటకు జవాబు చట్టంలోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఫోన్‌లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితే చాలు. ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు నడపడానికి మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. కానీ మోసపోయిన మనిషి గానీ, తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. ఈ రెండు వాక్యాలు నోటికొస్తే గడప దగ్గర మాట మారుతుంది.

ఇంకొక మాట, ఇది చేదుగా ఉండొచ్చు. మనవాళ్ళ కోసం కువైట్‌ను, అమెరికాను న్యాయం అడుగుతున్న మనం, మన దగ్గరికి వచ్చినవాళ్ళతో ఎలా ఉన్నాం? 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం కొట్టడానికి వచ్చిన తమిళ కూలీలని పోలీసులన్నారు. వాళ్ళనూ ఒక ఏజెంటే పంపి ఉంటాడు. వాడి ఒంటికి తూటా తగల్లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డులతో బతుకుతున్నారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన విదేశీయుల చట్టంలోనూ శరణార్థికి వేరే చోటు లేదు. దేశంలోకి ఎవరు రావాలో నిర్ణయించే హక్కు ప్రభుత్వానిదే, కాదనలేం. కానీ రాజ్యాంగం 21వ అధికరణం ప్రాణానికీ స్వేచ్ఛకూ ఇచ్చిన రక్షణ పౌరుడికే కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. శరణార్థులుగా వచ్చిన చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. రంగూన్ నుంచి మనవాళ్ళు కట్టుబట్టలతో వచ్చినప్పుడు చోటు దొరికింది కాబట్టే విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఉంది.

మిత్రులారా, మీలో కొందరు రేపు కానిస్టేబుల్ అవుతారు, కొందరు బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, లాయర్లు. కొందరు విదేశాలకు పోతారు. పోండి, తప్పు లేదు. పోయేముందు ఏజెంటు పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. కాలేజీ అయితే అక్కడ చదువుతున్నవాళ్ళతో మాట్లాడండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. ఇది మీ కోసం మీరు చేసుకునేది.

మీ ఊరి కోసం చేయాల్సింది ఇంకొకటి ఉంది. మీ వీధిలో ఎవరు విమానమెక్కుతున్నా, వాళ్ళ వీసా, కాంట్రాక్టు ముందు మీరు చదివి, తెలుగులో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి. అందులో తేడా కనిపిస్తే పోవద్దని చెప్పే ధైర్యం తెచ్చుకోండి. స్టేషన్‌కు పోవాల్సి వస్తే పక్కన నిలబడండి. మీలో ఎవరైనా ఆ స్టేషన్లో కుర్చీలో కూర్చునే రోజు వస్తే, ఎదురుగా నిలబడిన మనిషిని రసీదు అడిగే ముందు కూర్చోమనండి. పదో తరగతి దాటించినందుకు మీ అమ్మానాన్నలకు, ఈ ఊరికి మీరు తీర్చుకోవాల్సిన బాకీ ఇదే. ఈరోజు నుంచే మొదలుపెట్టండి.