గరుత్మంతుడు అడిగిన ప్రశ్న

(రాయపోల్‌లో మహిళా సంఘాల సభ్యులు, కార్యకర్తలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈమె గరుత్మంతుడి కథ చెప్తానంటుందేమిటని మీరనుకోవచ్చు. పొద్దున మాటల మధ్య ఒక అక్క అన్నది: "బాకీ మా మామ జేసిండు, పని నేను జేస్తున్న. రేపు నా కొడుకు జేస్తడు." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఈ కథే గుర్తుకొస్తోంది.

గరుత్మంతుడు అంటే మనకు తెలిసింది విష్ణుమూర్తి వాహనం. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ చూస్తాం. ఇంట్లో ఎవరైనా పోతే గరుడపురాణం చదివిస్తాం. కానీ వాహనం కాకముందు ఆయన ఎవరు? ఒక దాసి కొడుకు. పుట్టుకతోనే దాసుడు. ఈ సంగతి మహాభారతం ఆదిపర్వంలోనే ఉంది. వెయ్యేళ్ల కింద నన్నయ తెలుగులో చెప్పాడు కూడా. అయినా మనం దాన్ని తొందరగా దాటేసి రెక్కల బలం దగ్గరికి వెళ్లిపోతాం.

కథ క్లుప్తంగా చెప్తాను. కశ్యపుడి భార్యలు కద్రువ, వినత. కద్రువకు పాములు పుట్టారు. తన రెండు గుడ్లూ ఇంకా పగల్లేదని వినత ఆత్రపడి ఒకదాన్ని చితక్కొట్టింది. సగం ఎదిగిన అనూరుడు బయటపడి, సవతికి దాసివి కమ్మని తల్లిని శపించాడు. తర్వాత అక్కచెల్లెళ్లు ఒక తెల్లగుర్రం తోక రంగు మీద పందెం వేసుకున్నారు. ఓడిన వాళ్లు దాసి కావాలి. కద్రువ తన కొడుకులను ఆ తోకకు చుట్టుకోమని చెప్పి, నల్లగా కనిపించేట్టు చేసి గెలిచింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, దాస్యానికి కారణం తల్లి తొందరపాటే అని కథ ముందే తప్పు ఆమె మీద వేసింది. రెండోది, పోట్లాట ఇద్దరు ఆడవాళ్ల మధ్య పెట్టింది. కశ్యపుడు ఆకలిగొన్న కొడుక్కి తినడానికి ఏనుగునూ తాబేలునూ చూపించాడు గాని, భార్య దాస్యాన్ని ఆపినట్టు కనిపించదు. సవతుల కయ్యం అని మనం నవ్వుకునే చోట ఇంటి పెద్ద ఎక్కడున్నాడో అడగడం మనకు అలవాటు కాలేదు.

రెండో గుడ్డులోంచి గరుత్మంతుడు పుట్టాడు. ఆ పందెంతో అతనికి సంబంధం లేదు. అయినా పాములను వీపు మీద మోయాల్సి వచ్చింది. అప్పుడు తల్లిని అడిగాడు, వీళ్లు చెప్పిన పనల్లా మనం ఎందుకు చెయ్యాలని. నా దృష్టిలో అతని వీరత్వం అక్కడ మొదలైంది, స్వర్గం మీదికి ఎగిరినప్పుడు కాదు. వినత కూడా సిగ్గుపడి దాచలేదు, జరిగిన మోసం చెప్పింది.

మన తెలంగాణలో ఈ ప్రశ్న అడగనివ్వని రోజులున్నాయి. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే వెంట పంపిన ఆడపిల్లలను ఆడబాపలన్నారు. వాళ్లు ఏ పందెమూ ఓడలేదు. వాళ్ల పిల్లలూ ఆ గడీ సొత్తే అయ్యారు.

1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఈ తరతరాల బాకీ గురించే మాట్లాడుతుంది. తాను తీసుకున్న అప్పే కాదు, తల్లిదండ్రులూ తాతలూ తీసుకున్న అడ్వాన్సు కోసం, వారసత్వంగా వచ్చిన బాధ్యత పేరుతో, ఫలానా కులంలో పుట్టినందుకు బలవంతంగా చాకిరి చేయించినా అది వెట్టే. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని బలవంతపు చాకిరే అని 1982లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మళ్లీ కథలోకి వద్దాం. మా తల్లిని విడవడానికి ఏం కావాలని గరుత్మంతుడు పాములను అడిగాడు. అమృతం తెమ్మన్నారు. పందెం గుర్రం తోక మీద, విడుదల ధర అమృతం! ధర నిర్ణయించేది ఎప్పుడూ బాకీ ఇచ్చినవాడే. అతను దేవతలతో పోరాడి తెచ్చాడు, తాను ఒక్క చుక్క తాగలేదు. దర్భల మీద పెట్టగానే తల్లికి విముక్తి కలిగింది. పాములు స్నానం చేసి వచ్చేలోగా ఇంద్రుడు దాన్ని ఎత్తుకుపోయాడు. వాళ్లకు దక్కింది దర్భలు నాకడమే. మోసంతో పుట్టిన బాకీ వసూలు కాలేదు, దాస్యం మాత్రం పోయింది. మన చట్టం కూడా వెట్టి బాకీ రద్దయినట్టే అంటుంది. తీర్చనక్కర్లేదు.

అయితే ఈ కథతో నాకొక పేచీ ఉంది. వినత తన విడుదల కోసం కొడుకు పుట్టేదాకా ఎదురుచూసింది. ఆమెకు కూతురే పుట్టి ఉంటే? అసలు పిల్లలే పుట్టకపోతే? 2024 ఏప్రిల్‌లో చిలుకూరు గుడిలో సంతానం కోసం గరుడ ప్రసాదం ఇస్తారని వచ్చిన జనంతో రోడ్లన్నీ ఆగిపోయాయి. ఆ తల్లుల ఆశను నేను తక్కువ చెయ్యను. పిల్లలు లేని స్త్రీని ఈ సమాజం ఎన్ని మాటలంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ తల్లిని దాస్యం నుంచి విడిపించిన పక్షి పేరు మీద మనం అడుగుతున్నది సంతానం ఒక్కటేనా అని బాధ కలుగుతుంది.

వినత తానే అడగగలిగే రోజు కావాలి. అందుకు ఆధారాలున్నాయి. జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చెయ్యవచ్చు. జిల్లా, డివిజన్ స్థాయిల్లో విజిలెన్స్ కమిటీలు ఉండాలని చట్టంలో ఉంది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, మీరు కాదు. పునరావాస పథకం ప్రకారం విడుదలైన పురుషుడికి లక్ష రూపాయలు, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, అక్రమ రవాణా వంటి తీవ్రమైన సందర్భాల్లో 3 లక్షలు రావాలి. ఇటుక బట్టీలకు పోయిన కుటుంబాల్లో అడ్వాన్సు ఎవరి పేరున రాసుకున్నారో, పని ఎవరు చేస్తున్నారో మన సంఘాలు ఊరూరా అడిగి రాసిపెట్టాలి.

పొద్దున మాట్లాడిన అక్కా, రేపు నీ కొడుకు చేస్తాడన్నావు. నీ కొడుకు అడిగేదాకా ఆగవద్దు. ఆ ప్రశ్న నువ్వే అడుగు. నీ పక్కన మేమందరం ఉంటాం.