నెగెటివు పెట్టె ఎక్కడికి పోయింది?



మీ ఇంట్లో పెద్దవాళ్ల పెళ్లి ఆల్బమ్ ఉంటే, అందులోని ఫోటోలను ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. కొన్నిటి మీద స్టూడియో పేరుతో రబ్బరు ముద్ర, పక్కన చేతిరాతతో ఒక నంబరు కనిపిస్తాయి. అది నెగెటివు నంబరు. మరో కాపీ కావాలంటే ఆ నంబరు చెబితే చాలు, స్టూడియో ఆయన పెట్టె వెతికి నెగెటివు తీసేవాడు. ఈనాటి ప్రసంగం ఆ పెట్టె గురించి, అది ఉన్న దుకాణం గురించి.

అండమాన్ దీవుల్లోని చౌల్దారీ వంటి ఊళ్లో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఓడ ఎక్కి వెళ్లినవారు వీరిలో ఎందరో ఉన్నారు. అలాంటి ఇంట్లో ఫోటో వేడుక కోసమే కాదు, ఉత్తరంతో పాటు వెళ్లే కబురు కూడా. మనవడు పుట్టాడని తాతకు చూపించాలన్నా, పెళ్లికూతురిని అవతలి ఒడ్డు వాళ్లకు చూపించాలన్నా ఫోటో కవరులో సముద్రం దాటాలి. ఫిల్ము, కాగితం, మందునీళ్లు కూడా ప్రధాన భూభాగం నుంచే దీవులకు రావాలి.

ఇక రీలు కడగడం అంటే ఏమిటో చూద్దాం. ఫిల్ము మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుగు తగిలిన రేణువులను డెవలపర్ వెండిగా మారుస్తుంది. వెలుగు తగలనివాటిని హైపో కరిగించి తీసేస్తుంది. నలుపు తెలుపు పనికి ఒక చీకటి గది, నాలుగు ట్రేలు, ఓపిక ఉంటే సరిపోయేది. నెగెటివు మీద సన్నని పెన్సిలుతో మొహంలోని మచ్చలు తీసే 'టచింగ్' పనివారికి ఊళ్లో మంచి పేరుండేది. రంగుల ఫిల్ముకు ఇంకా కచ్చితత్వం కావాలి. దాని డెవలపర్‌ను 37.8 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి, ఫిల్మును 3 నిమిషాల 15 సెకన్లు ఉంచాలి. అందుకే మినీల్యాబ్ యంత్రాలు వచ్చాయి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి. బేరం సగమైతే ఆదాయం సగమవుతుంది, దుకాణం ఎలాగో నెట్టుకొస్తుంది అనుకుంటాం. మినీల్యాబ్ విషయంలో అలా జరగదు. ప్రతి రీలుకూ యంత్రం కొంత కొత్త మందు కలుపుకుంటుంది, అందువల్ల తొట్టిలోని ద్రావణం తాజాగా ఉంటుంది. రీళ్లు తగ్గితే ద్రావణం కదలక, గాలి తగిలి చెడిపోతుంది. రోజుకు రెండు రీళ్లే వచ్చినా తొట్టిని మాత్రం వేడిగా ఉంచాలి. అంటే బేరం తగ్గేకొద్దీ ఒక్కో రీలుకు ఖర్చు పెరుగుతుంది, పనితనం తగ్గుతుంది. కాబట్టి ల్యాబులు మెల్లగా చిక్కిపోలేదు, ఒక్కసారిగా మూతపడ్డాయి. ఓడ మీద మందు తెప్పించుకునే చోట ఈ లెక్క ఇంకా కఠినం.

పెద్ద కంపెనీలూ తప్పించుకోలేదు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తొలి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అది ఒక్క బొమ్మను క్యాసెట్ మీద నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకునేది. అదే కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. మనదేశంలో 'ఇందు' పేరుతో ఫిల్ము తయారుచేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. స్టూడియోలకు చివరి ఆసరా పాస్‌పోర్టు సైజు ఫోటో. 2010 నుంచి ఆధార్ కేంద్రాల్లో అక్కడికక్కడే ఫోటో తీస్తూ వచ్చారు, ఆ బేరంలోనూ కొంత తరిగింది. ఈమధ్య సరదాకు ఫిల్ము వాడే యువకులు పెరిగిన మాట నిజమే. అయితే వాళ్ల సంఖ్య ఊరి ల్యాబును నిలబెట్టేంత కాదు.

పోయింది దుకాణం ఒక్కటేనా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ దీవుల్లో ఇళ్లు కొట్టుకుపోయాయి. ఆల్బమ్ పోయినవారికి మరో కాపీ దొరికే చోటు, ఎక్కడో ఎత్తున ఉన్న స్టూడియోలోని నెగెటివు పెట్టె. 2011లో జపాన్ సునామీ తర్వాత స్వచ్ఛంద సేవకులు బురదలో దొరికిన ఫోటోలను ఒక్కొక్కటే నీళ్లలో కడిగి ఆరబెట్టారు. మన దగ్గర దుకాణం మూసేటప్పుడు పెట్టె సంగతి ఎవరు ఆలోచించారు? పాత నలుపు తెలుపు నెగెటివులను వెండి కోసం తూకానికి అమ్మినవారూ ఉన్నారు. మిగిలినవాటికి దీవుల తేమలో బూజు పడుతుంది. వ్యాపారం మారడం సహజం, దానికి నాకు బాధ లేదు. ఒక ఊరి ముఖాలన్నీ కిలోల లెక్కన పోవడమే బాధ.

మీకొక పని చెబుతాను. ఇంట్లో నెగెటివులు ఉంటే అంచులు మాత్రమే పట్టుకుని తీయండి, కాగితపు కవరులో పెట్టి పొడిచోట దాచండి. వెనుక తెల్లని వెలుగు ఉంచి ఫోను కెమెరాతో తీసి, రంగులు తిరగేస్తే బొమ్మ కనిపిస్తుంది. నెగెటివులు లేకపోతే ఫోటో వెనుక ఉన్న ముద్రనూ నంబరునూ రాసుకోండి. ఆ స్టూడియో ఏ వీధిలో ఉండేదో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. దుకాణం లేకపోయినా, ఆ ఇంటివాళ్ల అటక మీద పెట్టె ఇంకా ఉండవచ్చు.